ఆరో లైను, పన్నెండో అడ్డరోడ్డు

బ్రాడీపేటలో ఇంటికి పేరెందుకు,
రెండంకెలు చాలు.
ఆరు బై పన్నెండు అంటే
ఆటో మస్తాన్‌వలీ మారుమాట లేకుండా దింపుతాడు.

డాబా మీది గది నాది.
ఎండబోసిన మిరపకాయలకీ నాకూ మధ్య
ఒక రేకు తలుపు,
రోజుకి పాతిక తుమ్ములు.

కర్బనం చిరునామా కూడా ఇదేనని
వచ్చిన మూడో నెలలో తట్టింది:
ప్రోటాన్లు ఆరు, న్యూట్రాన్లతో కలిపి పన్నెండు.
ఆ రాత్రి ఒక్కదాన్నే నవ్వాను,
కింద నుంచి నాగరత్నమ్మగారు
"ఎవరమ్మా ఫోన్లో?" అని కేకేసేదాకా.

మ్యూయాన్లు కురుస్తున్నాయండీ అంటే
ఆవిడ పైకి చూసి
"కాయలు ఎత్తెయ్యనా?" అంది.
వద్దు, ఇవి తడపవు.
చాచిన అరచేతి మీద సెకనుకొకటి చొప్పున
స్లాబు, మంచం, మీరు, మీ మంచం కింది పిల్లి
అన్నీ దాటి నేలలోకి పోతాయి.

ఎప్పుడో ఒకటి అలిసి
ఒక మిరపతొక్కలో ఆగుతుంది.
ఎలక్ట్రాన్‌కి అక్క, రెండొందల రెట్లు బరువు,
అందుకే మెట్టు మెట్టు జారి
కేంద్రకం గడప మీద కూలబడుతుంది.
ఆయుష్షు మైక్రోసెకన్లు రెండు.
నూటికి తొంభై రెండు ఆ గడప మీదే రాలిపోతాయి.
ఎనిమిది మాత్రం
తలుపు తోసుకుని లోపలికెళ్తాయి.

లోపల ఒక ప్రోటాన్ న్యూట్రాన్ అవుతుంది.
మ్యూయాన్ న్యూట్రినో అయి,
తెచ్చిన సొమ్ములో పెద్ద భాగం తనే పట్టుకుని
ఏ గోడా ఆపలేని దారిన వెళ్ళిపోతుంది.
ఆ తోపుకి చాలా ఇళ్ళు చెదురుతాయి.
చెదరనిది
ఐదో లైనుకి మారుతుంది, అడ్డరోడ్డు అదే.
దాని పేరిప్పుడు బోరాన్.

ఇరవై మిల్లీసెకన్ల కాపురం, అటూ ఇటూగా.
ఒక ఎలక్ట్రాన్‌ని వీధిలోకి విసిరి
మళ్ళీ ఆరో లైను.
కాకపోతే పాత కుర్చీలోకి కాదు,
కాస్త అవతలికి.
కాయ ఘాటు ఏమీ తగ్గదు.

ఈ రాకపోకల జోరు లెక్కగట్టడం నా పని.
కాగితం మీద వచ్చేది ఎక్కువ,
ప్రయోగంలో తేలేది తక్కువ.
పోయేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే.
"రూపాయికి ఎనభై పైసలు వేసుకోండి, కలుస్తుంది"
అన్నారు మా గైడు.

ఆ మాట నాకు కొత్త కాదు.
నాన్న మిర్చియార్డులో కాటా గుమాస్తా.
టిక్కీకింత తరుగని కొట్టేసి
రైతు మొహం చూడకుండా చీటీ రాసేవాడు.
రాత్రి కంచం ముందు కూర్చోబోతూ
మూడుసార్లు చేతులు కడిగేవాడు.
ఘాటుకేమో అనుకునేదాన్ని.

క్యారియర్ ఇవ్వడానికెళ్ళిన రోజుల్లో చూశాను,
ఇద్దరు హమాలీలు కొక్కేలు దించి
ఒకే ఊపుతో టిక్కీ లేపడం.
అది ఎవడి బరువు? సగం సగమా?
లేచే ఆ క్షణంలో చెప్పమనండి ఎవరినైనా.

ఈ వేసవి, కరెంటు పోయిన మధ్యాహ్నం
అదే గుర్తొచ్చింది.
ఇన్నేళ్ళూ న్యూక్లియాన్లని ఒక్కొక్కటే పిలిచి
కాటా ఎక్కించాను.
పక్కపక్కనున్న రెండు కలిసి మోసేదానికి
నా చీటీలో గడే లేదు.
గడి గీశాను. నెలన్నర పట్టింది.
ఎనభై పైసలు తొంభై ఆరయ్యాయి.
ఆ నాలుగు పైసలకి ఇంకా జవాబు లేదు.

నరసరావుపేటలో అక్క దగ్గరుంటున్న నాన్న
మొన్న ఆదివారం బస్సు దిగొచ్చాడు.
అంతా చెప్పాను, సగం తెలుగులో, సగం వేళ్ళతో.
ఓపిగ్గా విని
"అయితే ఎవరు తిన్నారే ఆ పైసలు?" అన్నాడు.
ఎవరూ తినలేదు నాన్నా,
లెక్కే తప్పు.

ఎండుకాయల కేసి చాలాసేపు చూశాడు.
"మా కాటా దగ్గర
లెక్క ఎప్పుడూ తప్పలేదమ్మా" అన్నాడు.
తరవాత,
కుళాయి ఎక్కడుందని అడిగాడు.